ఊపిరి మీద ఎరుక: కృష్ణా డెల్టాలో సతిపట్ఠానం

కంపెనీ వారి రోజుల్లో, 1830 ప్రాంతంలో, రాబర్ట్‌సన్ అనే అధికారి బందరులో కొత్త బజారు కట్టించాడు. దాని నడుమ శోభగా నిలపడానికి అమరావతి దిబ్బ నుంచి చెక్కుడు పలకలు తెప్పించాడు. కొన్నేళ్లు అవి ఎండకూ వానకూ అక్కడే నిలబడి, చివరికి మద్రాసు మ్యూజియం చేరాయి. రాబర్ట్‌సన్‌పేట అన్న పేరు ఊళ్లో ఇప్పటికీ ఉంది, పలకలు లేవు. పోయిన రాళ్ల గురించి బాధపడేవాళ్లు బందరులో ఉన్నారు, ఆ బాధ న్యాయమైనదే. కానీ ఈ స్మారకోపన్యాసం రాళ్ల గురించి కాదు. ఆ రాళ్లు చెక్కించినవాళ్లు, వాటి చుట్టూ ప్రదక్షిణ చేసినవాళ్లు, కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు ఏం చేసేవారు? ఆ పని ఇవాళ ఈ డెల్టాలో మామూలు సంసారి చేయగలడా? సభ ముందు పెట్టదలచింది ఈ రెండు ప్రశ్నలే.

ముందు ఊళ్ల సంగతి. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద అలెగ్జాండర్ రీ రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. గుడివాడ దిబ్బ ఊళ్లోనే ఉంది. ఘంటసాల బందరుకు పడమర పాతిక కిలోమీటర్ల లోపే, పాత దివి తాలూకాలోది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో కంటకస్సీల అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది ఈ ఘంటసాలే. ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. నాగార్జునకొండ శాసనం ఒకటి బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాలను వరసగా చెబుతుంది. కంటకసేల, అంటే ఘంటసాల, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఆమె కట్టించిన రాతి మండపం ఆ వరసలో ఉంది. అదే శాసనంలో సింహళం నుంచి వచ్చిన థేరుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహం సంగతి కూడా ఉంది.

ఓడ నడిపే మనిషి, దానధర్మాలు చేసే గృహిణి. డెల్టా బౌద్ధానికి ఆధారం వీళ్లు. రాజుల పేర్ల కన్నా ఇలాంటివాళ్ల పేర్లే ఈ రాళ్ల మీద ఎక్కువ కనిపిస్తాయి. ఆమె డబ్బుతో లేచిన మండపం ఘంటసాలలో, ఆమె ఆదరించిన భిక్షువుల స్వదేశం సముద్రానికి ఆవలి సింహళం. ధ్యానం గురించిన పాత పాఠాలను, వాటి వ్యాఖ్యలను వందల ఏళ్లు కాపాడింది ఆ సింహళమే. ఈ రేవుకూ ఆ ద్వీపానికీ నడుమ రాకపోకలు మామూలుగా సాగిన కాలం అది.

అయితే శాసనాలు దానం గురించి చెబుతాయి, సాధన గురించి చెప్పవు. దానికి పుస్తకాల దగ్గరకే వెళ్లాలి. పాలి అభిధమ్మ పిటకంలో కథావత్థు అనే గ్రంథం ఉంది. వాదోపవాదాలే దాని రూపం. అందులో ఒక వాదం సతిపట్ఠానం మీద, అంటే స్మృతిని, ఎరుకను నిలపడం మీద. వ్యాఖ్య ఆ వాదాన్ని అంధకులకు, అంటే పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అనే నాలుగు శాఖల వాళ్లకు ఆపాదించింది. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే శాఖలే ఇవి. అంటే కృష్ణ ఒడ్డున ఉన్న భిక్షువులు స్మృతి అంటే ఏమిటో తమలో తాము తేల్చుకుని, ఇతరులతో గట్టిగా వాదించారన్నమాట. తెలుగు పాఠకుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పాఠ్యపుస్తకాల్లో స్తూపం కొలతలు ఉంటాయి, ఈ వాదం ఉండదు.

అంధకుల మాట ఇది: అన్ని ధర్మాలూ సతిపట్ఠానాలే. కథావత్థు పక్షాన వాదించే స్థవిరవాది ఊరుకోలేదు. అయితే కన్ను సతిపట్ఠానమా అని అడిగాడు. రాగం, ద్వేషం, మోహం, మానం కూడా సతిపట్ఠానాలేనా, అవి కూడా మనిషిని దుఃఖం తీరేదాకా నడిపిస్తాయా అని నిలదీశాడు. వ్యాఖ్యాత ఇద్దరి మధ్య చిక్కు ఎక్కడుందో చూపిస్తాడు. దేని మీద ఎరుక నిలుపుతామో అదీ సతిపట్ఠానం అనిపించుకుంటుంది, నిలిచిన ఎరుకా అనిపించుకుంటుంది. అంధకులు మొదటి అర్థం పట్టుకున్నారు, స్థవిరవాదులు రెండోదాన్ని వదలలేదు.

ఇదేదో పండితుల తగువు అని పక్కన పెట్టనక్కర్లేదు. ధ్యానానికి కూర్చున్న ప్రతివాడికీ మొదటి గంటలోనే ఈ రెండు వాదాలూ ఎదురవుతాయి. దోమ కుట్టింది, మోకాలు లాగుతోంది, పక్కింటి మైకులో పాట మోగుతోంది. ఇవన్నీ ధ్యానానికి అడ్డమా, ధ్యానానికి సరుకా? అంధకుల మాట సాధకుడికి ఎంతో ఊరట: ఏది వచ్చినా అదే ఆలంబన కాగలదు, ఏకాంతమైన కొండగుహ అక్కర్లేదు. కానీ స్థవిరవాది హెచ్చరిక కూడా వెంటనే అవసరపడుతుంది. దోమ మీద చిరాకు పడటం ధ్యానం కాదు, చిరాకు పుట్టిందని తెలుసుకోవడం ధ్యానం. ఈ రెండింటి మధ్య తేడా చెప్పడానికి సులువు. కూర్చుంటే గాని దాని కష్టం తెలియదు.

మూల సూత్రం సతిపట్ఠాన సుత్తం. మజ్ఝిమ నికాయంలో పదోది. కురుదేశంలో కమ్మాసదమ్మం అనే ఊళ్లో బుద్ధుడు చెప్పినది. కాయం, వేదన, చిత్తం, ధర్మాలు అనే నాలుగు చోట్ల ఎరుక నిలపమంటుంది. వేదన అంటే ఇక్కడ బాధ ఒక్కటే కాదు, సుఖమైనా దుఃఖమైనా రెండూ కానిదైనా తగిలే అనుభవం. మొదలు ఊపిరితోనే. అడవిలోనో చెట్టు కిందో ఖాళీ ఇంట్లోనో బాసింపట్టు వేసుకుని, నడుము నిటారుగా పెట్టుకుని, పొడుగు ఊపిరి తీస్తే పొడుగు అని, పొట్టి ఊపిరి తీస్తే పొట్టి అని తెలుసుకోవడం. ఊపిరిని మార్చమని లేదు, బిగబట్టమని లేదు. ప్రాణాయామానికీ దీనికీ ఇక్కడే దారులు వేరవుతాయి. సుత్తంలోనే ఒక పోలిక ఉంది. తరిమెన పట్టే నేర్పరి పనివాడు పట్టు పొడుగ్గా లాగినప్పుడు పొడుగ్గా లాగానని, పొట్టిగా లాగినప్పుడు పొట్టిగా లాగానని ఎరిగే లాగుతాడు. చేతిలో పని ఆగదు, దాని మీద చూపు చెదరదు. తర్వాత నడక, నిలవడం, కూర్చోవడం, పడుకోవడం, చెయ్యి ముడవడం, చాపడం, తినడం, తాగడం, కాలకృత్యాలు తీర్చుకోవడం, అన్నీ ఎరుకలోకి వస్తాయి. రోజు మొత్తంలో సూత్రం వదిలిపెట్టిన పని అంటూ లేదు.

ఈ సుత్తానికి అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన వ్యాఖ్య చదవాల్సిన గ్రంథం. బుద్ధఘోషుడు అనురాధపురంలో కూర్చుని విసుద్ధిమగ్గం రాసినవాడు. ఆయన పుట్టుక ఆంధ్రదేశమనీ, పల్నాడు ప్రాంతమనీ కొందరు పరిశోధకులు వాదించారు, ఆ వాదం తేలలేదు. తేలిన సంగతి ఒకటుంది: ఆయన వాడుకున్న పాత వ్యాఖ్యల్లో అంధక అట్ఠకథ ఒకటి. ఇక కురుదేశం గురించి ఆయన చెప్పిన ముచ్చట ఇది. అక్కడ దాసీజనం, పనివాళ్లు కూడా సతిపట్ఠానం గురించే మాట్లాడుకునేవారట. నీళ్లరేవు దగ్గర, నూలు వడికే చోట పోచికోలు కబుర్లు ఉండేవి కావట. ‘అమ్మా, నువ్వు ఏ సతిపట్ఠానం చేస్తున్నావు?’ అని అడిగితే ‘ఏదీ లేదు’ అన్న ఆవిడను బతికీ చచ్చినట్టేనని మందలించి, ఒకటి నేర్పి పంపేవారట.

ఆ దేశంలో చిలక కూడా సాధన చేసిందట. ఒక నాట్యకత్తె తన చిలకను భిక్షుణుల ఆరామంలో మరిచిపోయి వెళ్లింది. శ్రామణేరికలు దాన్ని సాకి, బుద్ధరక్ఖితుడని పేరు పెట్టారు. పెద్ద భిక్షుణి ఒకరోజు దాన్ని పిలిచి, ఆరామంలో ఉంటూ ఊరికే ఉండకూడదని, ‘ఎముక, ఎముక’ అని తలుచుకుంటూ ఉండమని చెప్పింది. ఒక ఉదయం ద్వారం మీద ఎండ కాచుకుంటున్న చిలకను గద్ద తన్నుకుపోయింది. శ్రామణేరికలు రాళ్లు విసిరి విడిపించారు. గద్ద పట్టుకున్నప్పుడు ఏమనుకున్నావని పెద్ద భిక్షుణి అడిగింది. ‘వేరే ఏమీ అనుకోలేదు, ఎముకల గూడొకటి ఎముకల గూడును ఎత్తుకుపోతోంది, ఎక్కడ చెదిరిపోతుందో అనుకున్నాను’ అంది చిలక. భిక్షుణి సాధు సాధు అని మెచ్చుకుంది. చిన్నపిల్లలకు చెప్పదగిన కథ. అందులో ఉన్న పాఠం మాత్రం పెద్దలకే చేతకాదు: ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో కూడా రోజూ చేసిన సాధనే అందుబాటులో ఉంటుంది, కొత్తది అప్పటికప్పుడు రాదు.

ఈ సాధన తెలుగు సాహిత్యంలోకి రాలేదా? వచ్చింది, అదీ ఈ జిల్లా కవుల చేతుల మీదుగానే. అశ్వఘోషుడి సౌందరనందం నేపాల్ ప్రతుల ఆధారంగా 1910లో హరప్రసాద శాస్త్రి సంపాదకత్వంలో అచ్చయింది. ఆ కథనే తీసుకుని పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు జంటగా తెలుగు సౌందరనందం రాశారు. ఇద్దరూ కృష్ణాజిల్లా వారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి శిష్యులు. కాటూరి వారు తర్వాత బందరు కృష్ణాపత్రికకు సంపాదకులయ్యారు. నందుడు, అతని భార్య సుందరి, వాళ్ల వియోగం పాఠకులకు గుర్తుంటాయి, గుర్తుండవలసినవే. కానీ అశ్వఘోషుడి సంస్కృత కావ్యంలో పదమూడో సర్గ నుంచి నడిచేది సాధన క్రమం. ఇంద్రియాలను కాపాడుకోవడం, మితంగా తినడం, నిద్రను అదుపులో పెట్టడం, నడుస్తున్నా కూర్చున్నా స్మృతి తప్పకుండా ఉండటం, చివరికి పదిహేనో సర్గలో పిచ్చి ఆలోచనలు పోవడానికి ఊపిరి మీద ధ్యాస పెట్టమనడం. పెళ్లాం మీద మనసు పోయి కాషాయంలో ఇమడలేని మనిషికి బుద్ధుడు చెప్పిన మాటలివి. మనసు నిలవనివాళ్ల కోసమే ఈ విద్య పుట్టిందని చెప్పడానికి ఇంతకు మించిన కావ్యం లేదు. సాహిత్య విద్యార్థులు శృంగార సర్గల దగ్గర ఆగకుండా ముందుకు సాగాలి.

డెల్టాలో విహారాలు పాడుబడ్డాక ఈ సాధన ఇక్కడ పోయింది, సముద్రానికి ఆవల బర్మాలో నిలిచింది. అక్కడ కూడా చాలాకాలం భిక్షువుల సొత్తుగానే ఉంది. ఇంగ్లీషువాళ్లు బర్మాను పూర్తిగా ఆక్రమించిన కాలంలో లెడీ సయాడో (1846–1923) దాన్ని సంసారుల చేతిలో పెట్టాడు. ఆయన శిష్యుడు సయా థెట్జీ రైతు. ఆ రైతు శిష్యుడు ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్, తన ఆఫీసు ఉద్యోగులకే ధ్యానం నేర్పినవాడు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన వ్యాపారి. విడవని తలనొప్పి ఆయన్ని 1955లో గురువు దగ్గరకు చేర్చింది. 1969లో గోయెంకా భారతదేశం వచ్చి పది రోజుల శిబిరాలు మొదలుపెట్టారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది తెలుగువాళ్లు రంగూన్ రేవులోనూ ధాన్యం మిల్లుల్లోనూ పొట్టపోసుకున్న దేశం నుంచే ఈ విద్య తిరిగి వచ్చింది.

తెలుగునాట గోయెంకా పద్ధతి కేంద్రం ధమ్మఖేత్త 1976లో హైదరాబాదులో వెలిసింది. కృష్ణా డెల్టా వాళ్లకు దగ్గరలో రెండున్నాయి. ఏలూరు అవతల విజయరాయిలో ధమ్మవిజయ ఒకటి, భీమవరం దగ్గర కుముదవల్లిలో ధమ్మరామ ఒకటి. కుముదవల్లి అంటే 1897 నాటి గ్రంథాలయం ఉన్న ఊరు. బందరు వాళ్లయినా గుడివాడ జంక్షన్ దాకా వచ్చి భీమవరం రైలెక్కితే చాలు.

శిబిరంలో ఏం జరుగుతుందో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే చుట్టూ అపోహలు ఎక్కువ. చేరిన రోజు ఫోను అప్పగించాలి. పంచశీలాలు పాటిస్తానని మాట ఇవ్వాలి. పదో రోజు దాకా ఆర్యమౌనం, అంటే నోటి మాటే కాదు, సైగ కూడా కూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, నాలుగున్నరకు మొదటి కూర్చోవడం. రోజు మొత్తం మీద సుమారు పది గంటలు ధ్యానం. మొదటి మూడు రోజులూ ఆనాపానమే: ముక్కుపుటాల కింద, పైపెదవి మీద ఉన్న కాస్త మేర, అక్కడ తగిలే ఊపిరి. అంతకు మించి పని లేదు. మంత్రం లేదు, మూర్తి లేదు. మొదటి రోజు ఆ చోట ఏమీ తెలియదు. మనసు పొలం గట్ల మీదా కోర్టు వాయిదాల మీదా పిల్లల ఫీజుల మీదా తిరిగి వస్తుంది. మూడో రోజుకు ఊపిరి చల్లగా లోపలికి, వెచ్చగా బయటికి తగలడం తెలుస్తుంది. నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన మొదలవుతుంది. తల నుంచి పాదాల దాకా ఒళ్లంతా అంగుళం అంగుళం చూసుకుంటూ పోవాలి. ఆ తర్వాత రోజుకు మూడు సార్లు గంటసేపు కాలూ చేయీ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి.

ఆ గంటలో మోకాలు నొప్పి పెద్దదవుతుంది. ఇరవై నిమిషాలకు భరించరానిదిగా తోస్తుంది. లేచిపోవాలనిపిస్తుంది. కదలకుండా దాన్నే చూస్తే, నొప్పి అనుకున్నది ఒకే ముద్ద కాదని కాసేపటికి తెలుస్తుంది. ఒకచోట వేడి, ఒకచోట బరువు, ఒకచోట సూది పోట్లు. ఒక్కొక్కటీ పెరుగుతుంది, తగ్గుతుంది, జరుగుతుంది. దాన్ని తోసెయ్యాలన్న కోపం నొప్పికి వేరు. సాధన అంటే ఆ కోపాన్ని పెంచకుండా ఉండటం. పదో రోజున మంగళమైత్రి నేర్పి మౌనం విడిపిస్తారు. భోజనానికీ బసకూ రుసుము లేదు, పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే ఇచ్చే దానంతో నడుస్తుంది. బోధిసిరి కాలం నాటి పద్ధతి అది ఒక్కటైనా మారలేదు.

గోయెంకా పద్ధతి ఒక్కటే పద్ధతి కాదు. బర్మాలోనే మహాశీ సయాడో పొట్ట పైకీ కిందికీ కదలడాన్ని గుర్తించమన్నారు. వియత్నాం భిక్షువు తిక్ న్యాత్ హాన్ గిన్నెలు తోమడంలో ఎరుక నేర్పారు. అమెరికాలో జాన్ కబట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలపు నొప్పులున్న రోగుల కోసం ఒక పాఠక్రమం మొదలుపెట్టారు. అదే ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో కంపెనీ శిక్షణల్లోకి, ఫోన్లలోకి వచ్చింది. దానివల్ల కొందరికి మేలు జరిగిన మాట నిజం. కానీ అంధకుల వాదంలోని ప్రమాదం ఇక్కడ తిరిగి తలెత్తుతోంది. అన్నీ ధ్యానమే, కాఫీ తాగడమూ ధ్యానమే, అమ్మకాలు పెంచుకోవడమూ ధ్యానమే అంటే, స్థవిరవాది అడిగిన ప్రశ్నే మళ్లీ అడగాలి: అది లోభాన్ని తగ్గించిందా? బుద్ధుడి దారిలో శీలం లేని ఎరుకకు చోటు లేదు. అబద్ధాలతో రోజు గడిపి రాత్రి ఇరవై నిమిషాలు ఊపిరి చూసుకుంటే నిద్ర పట్టొచ్చు. అది సతిపట్ఠానం మాత్రం కాదు.

దివిసీమలో ఈ మాటలు చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఇక్కడ వేలమందిని తీసుకుపోయింది. అన్నీ అనిత్యమని ఈ సీమ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కన్నబిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి ముందు నిలబడి అనిత్యం గురించి ఉపన్యసించడం క్రూరత్వం. ధ్యానంలో చూసే అనిత్యం దెబ్బగా పడేది కాదు. చర్మం మీద పుట్టి పోయే దురదలో, ఛాతీలో లేచి అణగే బరువులో, రోజూ కాసింత కాసింతగా చూసేది. దుఃఖాన్ని మరిపించే మందు కూడా కాదు. దుఃఖం వచ్చినప్పుడు దాన్నుంచి పారిపోకుండా దాని పక్కన కూర్చునే బలం కొద్దికొద్దిగా ఇస్తుంది, అంతే. ఆ మాత్రం బలం విలువ ఉప్పెన చూసినవాళ్లకే తెలుసు.

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు, కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్లు ఒక్కసారిగా పది రోజుల మౌనంలోకి దిగకూడదు. వైద్యుడితో మాట్లాడాకే ఆ ఆలోచన చేయాలి. ధ్యానం పేరు చెప్పి మందులు మాన్పించేవాళ్లను నమ్మవద్దు.

ఇక సభకు విన్నపం. కళాశాలల్లో చరిత్ర చెప్పేవాళ్లు పిల్లలను ఘంటసాల మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు స్తూపం వ్యాసంతో పాటు కథావత్థులోని వాదాన్ని కూడా ఒక పావుగంట చెప్పండి. తెలుగు చెప్పేవాళ్లు అశ్వఘోషుడి పద్నాలుగు, పదిహేను సర్గల తాత్పర్యమైనా తరగతిలో చదివించండి. ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లు తెల్లవారుజామున టీవీ, ఫోను మోగకముందు పావుగంట ఊపిరి చూసుకోండి, నెల రోజులు తప్పకుండా. పది రోజుల తీరిక దొరికినవాళ్లు విజయరాయికో కుముదవల్లికో దరఖాస్తు పెట్టుకోండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ బస వేరువేరుగా ఉంటుంది, ఏ మతం వాళ్లయినా చేరవచ్చు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నలకు మాత్రం ఏదీ దాచకుండా, ఉన్నది ఉన్నట్టు రాయండి.